సీసా అందించే చోటు

కోవళం దాటాక మూడో దీపస్తంభం కింద
మడతబల్ల వేశాను.
అర్ధరాత్రి పన్నెండుకి మొదలు, మధ్యాహ్నం పన్నెండుకి ఆఖరు.
మహాబలిపురం దాకా వెళ్లి తిరిగి రావాలి,
మళ్లీ వెళ్లాలి, మళ్లీ రావాలి.
ఒకరి వీపు చాటున ఒకరు దాక్కోకూడదు.
ఎవరి గాలి వాళ్లే కోసుకోవాలి. అది పోటీ నిబంధన.

నాకున్న నిబంధన వకుళక్క పెట్టింది:
"ఎలా ఉన్నావని అడక్కు.
ఏం కావాలో అడుగు."

ఉప్పేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు.
మాగాయ నలిపి కలిపిన పెరుగన్నం ముద్దలు, రేకుకాగితంలో.
పల్లీ చిక్కీ. నన్నారి కలిపిన నీళ్లు.
ఒకేలాంటి రెండు బుల్లి సీసాలు:
ఒకటి గొలుసుకి నూనె,
ఒకటి తొడలు ఒరుసుకుపోకుండా కొబ్బరినూనె.
తారుమారు కాకుండా కొబ్బరినూనెకి రబ్బరు బ్యాండు.

పెరంబూరులో మా సందులో వారంపాటు సాధన చేశాం.
నేను పరిగెడుతూ సీసా మెడని రెండువేళ్లతో పట్టుకోవాలి,
అక్క పక్కనుంచి పోతూ లాక్కోవాలి.
మొదటిరోజు నేను వదల్లేదు. అక్క పడింది.
మోచెయ్యి చూసుకుంటూ,
"ఇస్తున్నావా, అప్పిస్తున్నావా?" అంది.

చుట్టుకి గంటా పాతిక నిమిషాలు.
అందులో అక్క నాకు కనబడేది పదిహేను సెకన్లు.
ముందు దీపం,
తర్వాత ఊపిరి,
తర్వాత అక్క,
తర్వాత ఎర్రచుక్క.
మిగతాదంతా సరుగుడు తోపులో గాలి.

పక్కబల్ల ఇరుదయరాజ్ గారు కొడుకు కోసం వచ్చారు.
ఫ్లాస్కులోంచి శొంఠి కాఫీ పోసిచ్చి
"కాళ్లు నొప్పా?" అని అడిగారు,
తొక్కుతున్నది నేనే అన్నట్టు.

ఒకటీ ఇరవైనాలుగు.
రెండూ నలభైతొమ్మిది.
నాలుగూ పదిహేను.
కాగితంమీద అంకెలు బుద్ధిగా కూర్చున్నాయి.
అయిదూ నలభైకి రావాలి.
రాలేదు.
ఆరయింది. రాలేదు.
జాలర్లు మోపెడ్లమీద ఐసుపెట్టెలతో పోతున్నారు.
కనబడ్డ ప్రతి దీపానికీ సీసా పట్టుకుని పరిగెత్తాను.
పాలవ్యాను ఆగి, డ్రైవరు తల బయటపెట్టి
"ఎన్న సార్?" అన్నాడు.
అరవై ఒకటో నంబరు కుర్రాడు ఆగకుండానే అరిచిపోయాడు,
అక్క వాంతి చేసుకుందని, వస్తోందని.

ఆరూ ఇరవై.
వచ్చింది. ఆగింది.
ఒక కాలు నేలమీద. చెంపలమీద తెల్లగా ఉప్పు.
"ఇక చాలురా."

ఇలాంటప్పటికని రెండు వాక్యాలు
కారులో వస్తూ తయారు చేసుకున్నాను.
రెండూ ఎటో పోయాయి.
"గొలుసు కిర్రుమంటోంది" అన్నాను.

వంగి కూర్చుని, పెడలు వెనక్కి తిప్పుతూ
ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క.
నా జన్మలో ఏ పనీ అంత నెమ్మదిగా చెయ్యలేదు.
సగం గొలుసు తడిశాక
పైనుంచి దుంప నమిలిన చప్పుడు.
తలెత్తలేదు.
ఇంకో దుంప.
"అయిందా?"
"అయింది."
గొలుసు కిర్రుమన్లేదని నాకు తెలుసు.
అక్కకి అంతకన్నా బాగా తెలుసు.

తర్వాత మూడు చుట్లు ఎండలో.
మెడమీద నీళ్లు పోస్తే రోడ్డుమీద పడి,
నేను బల్ల దగ్గరికి తిరిగొచ్చేలోపు ఆరిపోయేవి.
మొత్తం ఏడు చుట్లు. ఆడవాళ్లలో నాలుగో స్థానం.
మొదలెట్టినవాళ్లు అయిదుగురు.
ఆ మాట అక్కే చెప్పి తనే నవ్వింది,
నవ్వితే కడుపు పట్టేసి మళ్లీ తిట్టింది.

ముట్టుకాడు వంతెన రాకముందే నిద్రపోయింది,
వేళ్లు ఇంకా హ్యాండిలు పట్టుకున్నట్టే వంచి.
టోలుగేటు దగ్గర డబ్బుకోసం చెయ్యి చాపినప్పుడు చూశాను,
నా మణికట్టుకి రబ్బరు బ్యాండు.
ఎప్పుడు తీశానో. ఎందుకు తొడుక్కున్నానో.

ఇంటికొచ్చాక సైకిలు దించి
గొలుసు దగ్గర ముక్కు పెట్టాను.
కొబ్బరినూనె.

బట్ట తెచ్చి తుడుస్తున్నాను,
ఆవిడ లేచేలోపు.